మనలో మాట: పంతులుగారి జీతం, పిల్లవాని మార్కు

పిల్లల మార్కులనుబట్టి పంతుళ్ళకు జీతమివ్వాలని వాదించేవారున్నారు. పాటుపడేవారికీ పడనివారికీ ఒకే జీతమేమిటని వారి ప్రశ్న. అందులో న్యాయం లేకపోలేదు. కాని ఊహ మాత్రం క్రొత్తది కాదు.

ఇంగ్లండులో 1862లోనే ఈ పద్ధతి పెట్టారు. ఏటేటా ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్క పిల్లవానినీ చదవడం, వ్రాయడం, లెక్కలలో పరీక్షించేవాడు. తప్పిన ప్రతి విషయానికీ బడి గ్రాంటులో 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత! చాలాచోట్ల ఆ కోత పంతులు జీతానికే తగిలేది. ఇంకేముంది, చరిత్ర, భూగోళం మూలపడ్డాయి. పిల్లలు వాచకమంతా బట్టీపట్టి, పుస్తకం తలక్రిందులుగా పట్టుకుని కూడా గడగడ అప్పజెప్పేవారట. కవి మాథ్యూ ఆర్నాల్డు, తానూ ఒక ఇన్‌స్పెక్టరై ఉండి, దీనిని గట్టిగా ఖండించాడు. 1890 తరువాత క్రమంగా ఎత్తివేశారు. ఆ శతాబ్దంలోనే మద్రాసు రాజధాని వీధిబడులకూ ఫలితాల గ్రాంటులుండేవి.

ఇక ఆంధ్రదేశం సంగతి. 2005లో అక్కడి పల్లెటూరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గార్లు ఒక పరిశీలన ఆరంభించారు. జీతం ముట్టుకోలేదు. లెక్కలు, తెలుగు పరీక్షలలో పిల్లల సగటు ఒక మెట్టు దాటి పెరిగితే, ప్రతి శాతానికీ 500 రూపాయలు బోనసు. రెండేళ్ళలో ఆ పిల్లలు తక్కిన బడుల పిల్లలకంటే మెరుగయ్యారు. బోనసుతో సంబంధంలేని సైన్సు, సాంఘిక శాస్త్రాలలో కూడా! చిత్రమేమంటే, పంతుళ్ళ హాజరు పెరగలేదు. వచ్చిన రోజులలో మాత్రం ఇంటిపని ఎక్కువగా ఇచ్చారు, అదనపు తరగతులు నడిపారు.

రెంటికీ భేదం కనబడుతున్నది గదా. అక్కడ ఉన్నదానిలో కోత, ఇక్కడ ఉన్నదానిపై చేర్పు. అక్కడ పిల్లవాడు గట్టెక్కాడా లేదా అన్నదే లెక్క; ఇక్కడ మొదటికీ ఇప్పటికీ ఎంత పెరుగుదల అన్నది లెక్క.

ఇదంతా ఎందుకంటే, మన సంఘపు ఆదివారం తెలుగు తరగతి పంతులుగారికి ప్యాసైన పిల్లల సంఖ్యనుబట్టి గౌరవవేతనం ఇవ్వాలన్న సూచన వచ్చింది. ఆ తరగతిలో ఇంట తెలుగు మాట్లాడేవారూ ఉన్నారు, మూడు తరాలుగా ఇంట కూడా మరచినవారూ ఉన్నారు. ప్యాసులు లెక్కిస్తే ఆయన ఎవరిని దగ్గర కూర్చోబెట్టుకుంటారు? ఎవరిని చేర్చుకోవడానికే వెనుకాడుతారు? మనం తరగతి పెట్టింది ఆ రెండవవారికోసమే.

ఇస్తున్నది తగ్గించవద్దు. చేరిననాడే ఒక్కొక్కరికి ఎన్ని అక్షరాలు వచ్చునో నోటుబుక్కులో వ్రాయించి, ఏడాది చివర సరిచూసి, పెరుగుదలకు అదనంగా ఏదైనా ఇవ్వవచ్చు. ఆ నోటుబుక్కు వ్రాసే పని నాకప్పగించినా సరే. ఆఫీసులో నేను చేసేదీ అదే.