అడ్డగాలికి చిన్న విమానం ఎందుకు అదుపు తప్పుతుంది? పాలమూరు రన్‌వేకు ఈ లెక్క ఎందుకు ముఖ్యం?

2022 ఫిబ్రవరి 26న నాగార్జునసాగర్ నుంచి బయల్దేరిన శిక్షణ విమానం నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో కూలింది. ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ పైలట్ చనిపోయారు. అది టేకాఫ్‌లో జరిగిన ప్రమాదం కాదు. అయితే అలాంటి రెండు సీట్ల సెస్నా 152కు నేల వదిలే క్షణాలు కూడా గండమే. మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలం గుడిబండ దగ్గర ఎయిర్‌పోర్టు ప్రతిపాదన ఉంది కాబట్టి ఈ సంగతి మీకూ తెలిసి ఉండాలి.

గాలి ఏం చేస్తుంది?
రన్‌వేకు అడ్డంగా వీచే గాలిని పైలట్లు క్రాస్‌విండ్ అంటారు. అది నిలువు తోకను నెట్టడంతో ముక్కు గాలి వైపు తిరుగుతుంది. గాలి వైపు రెక్క పైకి లేస్తుంది. పైలట్ ఆ రెక్కను అణిచిపెడుతూ, కాళ్ల కింది రడ్డర్‌తో ముక్కును నేరుగా నిలపాలి.

ఈదురుగాలి ఇంకా ప్రమాదమా?
అవును. సెస్నా 152 గంటకు సుమారు 90 కిలోమీటర్ల వేగంతో నేల వదులుతుంది. ఒక్కసారిగా గాలి విసిరితే చాలినంత వేగం రాకముందే లేస్తుంది. ఆ విసురు తగ్గగానే పక్కకు జారి పడుతుంది. పూర్తి బరువుతో ఉన్నా అది 757 కిలోలే. తయారీ సంస్థ పరీక్షించి చూపిన అడ్డగాలి గంటకు 22 కిలోమీటర్లు మాత్రమే.

దిక్కు లెక్క ఏమిటి?
గాలి 30 డిగ్రీల కోణంలో వస్తే దాని వేగంలో సగం అడ్డగాలి అవుతుంది. 90 డిగ్రీలైతే మొత్తం అడ్డగాలే. అందుకే రన్‌వేను ఎక్కువగా వీచే గాలికి ఎదురుగా వేస్తారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సూచన ప్రకారం, ఆ ఎయిర్‌పోర్టుకు వచ్చే విమానాలకు కనీసం 95 శాతం సమయం అడ్డగాలి అడ్డంకి కాకూడదు. చిన్న విమానాలకు ఆ హద్దు గంటకు 19 కిలోమీటర్లు, పెద్ద రన్‌వే కావాల్సిన వాటికి 37. దీనికి వీలైతే ఐదేళ్ల గాలి వివరాలు, రోజుకు ఎనిమిదిసార్లు కొలిచినవి చూడాలి.

మీరు ఏం అడగాలి?
ఎయిర్‌పోర్టు ఎప్పుడు, ఎన్ని ఎకరాలు అనే ప్రశ్నలతో ఆగొద్దు. నైరుతి రుతుపవనాల వేళ అక్కడ గాలి ఎటు నుంచి, ఎంత జోరుగా వీస్తుందో ఎన్నేళ్లు కొలిచారని కూడా అడగండి. భూమి ఎటు దొరికితే అటు రన్‌వే వేస్తే, తర్వాత దాని దిక్కు మార్చడం కుదరదు.