నేను కూడా గేమ్స్ ఆడతాను

మొన్న పిల్లల ఓ.పి. దగ్గర ఒక తల్లి నన్ను ఆపి, "సిస్టర్ గారూ, మావాడు టీవీకి పెట్టుకునే గేమ్ పెట్టె కావాలని రెండు నెలలుగా ప్రాణం తీస్తున్నాడు. కొంటే చెడిపోతాడంటారా?" అని అడిగింది. వాడికి పదకొండేళ్లు ఉంటాయి. మేము మాట్లాడుకుంటున్నంతసేపూ వాడు అమ్మ ఫోనులో ఎవరినో కాలుస్తూ కూర్చున్నాడు, తల ఎత్తలేదు. "చేతికి ఆ ఫోను ఇవ్వటం కంటే ఆ పెట్టె కొనటమే నయమమ్మా" అన్నాను. ఆమె తెల్లబోయింది. నర్సింగ్ సూపరింటెండెంట్ నోట రావలసిన మాట కాదనుకుంది కాబోలు. వరండాలో నిలబడి చెప్పే విషయం కాదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను కూడా గేమ్స్ ఆడతాను. పెద్ద ఆటగాళ్ల లెక్కలోకి రాను గానీ, ముప్ఫై ఏళ్లుగా ఏదో ఒకటి ఆడుతూనే ఉన్నాను.

జనరల్ నర్సింగ్ డిప్లొమా ముగించి స్టాఫ్ నర్సుగా చేరిన తొలి సంవత్సరాల్లో ఎగ్జిబిషన్‌లో ఒక బ్రిక్ గేమ్ కొన్నాను. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా, రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచేది. పైన 9999 ఆటలని రాసి ఉండేది. లోపల ఉన్నవి పదో పన్నెండో, మిగతావన్నీ వాటికే వేగం మార్చి అంకె తగిలించినవి. అందులో పైనుంచి ఇటుకలు పడే ఆట ఒక్కటే నాకు నచ్చేది. దాని అసలు పేరు టెట్రిస్ అనీ, 1984లో మాస్కోలో అలెక్సీ పాజిట్నోవ్ అనే ఆయన తయారు చేశాడనీ, 1989లో నింటెండో వారి గేమ్ బాయ్‌తో కలిసి ప్రపంచమంతా తిరిగిందనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

తర్వాత మా అబ్బాయి చిన్నతనంలో టీవీకి పెట్టుకునే వీడియో గేమ్ వచ్చింది. ఆట ఉన్న డబ్బాను అందరం క్యాసెట్ అనేవాళ్లం. మారియో, కాంట్రా. ఆట రాకపోతే క్యాసెట్ తీసి నోటితో ఊది మళ్లీ పెట్టేవాళ్లం. ఊదితే నోటి తడికి లోపలి పిన్నులు తుప్పు పడతాయట, ఆ రోజుల్లో ఎవరికి తెలుసు! రాత్రి వార్తల వేళకు మా వారు వచ్చి వైరు పీకేసేవారు. కరెంటు పోతే ఎంత దూరం వెళ్లినా మళ్లీ మొదటికే. ఆ తర్వాత టార్చి లైటు ఉన్న నోకియా 1100 ఫోను, అందులో పాము ఆట.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఆటలన్నీ వాటంతట అవే ఆగిపోయేవి. పాము తన తోకను తానే కరుచుకునేది. ఇటుకలు పైదాకా నిండిపోయేవి. (2023 డిసెంబరులో అమెరికాలో ఒక 13 ఏళ్ల అబ్బాయి టెట్రిస్ ఆడీ ఆడీ, ఆటే ఇక నడవలేక బిగుసుకుపోయేదాకా తీసుకువెళ్లాడు. మనబోటి వాళ్లకు అయిదు నిమిషాల్లో అయిపోతుంది.) ఆపటానికి నాకు మనసు గట్టి చేసుకునే పని ఉండేది కాదు.

పది పన్నెండేళ్ల కిందట స్మార్ట్ ఫోను కొన్నాక ఒక ఆట పట్టుకున్నాను. పేరు చెప్పను, ఒకే రంగువి మూడేసి కలిపితే పేలిపోతాయి, మీలో సగం మందికి తెలిసే ఉంటుంది. ఉచితం. కానీ మెట్లు వేలల్లో ఉన్నాయి, చివరి మెట్టు లేదు, రోజురోజుకూ కొత్తవి కలుపుతూనే ఉంటారు. ఓడిపోతే ప్రాణం పోతుంది, ప్రాణాలన్నీ అయిపోతే కాసేపు ఆగాలి లేదా డబ్బు కట్టాలి. రోజూ వస్తే బహుమతి, ఒక్క రోజు మానేస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి. మానేసి రెండు రోజులైతే ఫోనే మనల్ని పిలుస్తుంది. ఇందులో ఆట తయారు చేసిన తెలివి కొంతే. మనిషిని మళ్లీ మళ్లీ రప్పించే తెలివి ఎక్కువ.

ఇక మా తమ్ముడి సంగతి. అతని అనుమతితోనే రాస్తున్నాను. తమ్ముడు బెంగుళూరులో ఒక ప్రైవేటు కంపెనీలో చిన్న ఉద్యోగి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించారు, తెలంగాణలో 2017లోనే. అతను ఉన్న చోట మాత్రం 2022లో ఆ యాప్ మామూలుగా తెరుచుకునేది. మొదటి నెల మూడు వేల ఎనిమిది వందలు వచ్చాయట. ఆ సంబరం వదినతో కాదు, భార్యతో కాదు, ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పి ఉంటే అప్పుడే ఎవరో ఒకరు ఆపేవారు. పది నెలల్లో మూడు లక్షల నలభై వేలు పోయాయి. అందులో చివరి ఎనభై అయిదు వేలు కూతురి నర్సింగ్ కాలేజీ రెండో సంవత్సరం ఫీజు. మరదలు బ్యాంకు మెసేజ్ చూసి నాకు ఫోన్ చేసింది. రాత్రి బండెక్కి పొద్దునకు వాళ్ల ఇంట్లో దిగాను.

నాకు నోరు ఊరుకోదు. పిల్ల చదువు తాకట్టు పెట్టి పేకాట ఆడతావట్రా అని నిలబెట్టి కడిగేశాను. తమ్ముడు చాలాసేపు నేల చూసి, చివరికి ఒక్క మాట అన్నాడు. "నువ్వూ ఆడతావు కదక్కా."

నా ఆటలో డబ్బు లేదురా అన్నాను. ఆ జవాబు నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో కూడా జూదపు వ్యసనం, గేమ్ వ్యసనం పక్కపక్కనే ఉన్నా వేరు వేరు పేర్లతో ఉన్నాయి. డబ్బు పెట్టి ఆడేది జూదమే, దానికి బొమ్మలు అతికించి గేమ్ అని పిలిచినంత మాత్రాన గేమ్ అయిపోదు. కానీ తిరుగు ప్రయాణంలో రైలులో కూర్చుని ఫోను సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అనే చోట చూశాను. ఏ యాప్ ఎంతసేపు వాడామో అది లెక్క కట్టి చూపిస్తుంది. రోజుకు అరగంట ఆడుతున్నాను అనుకునేదాన్ని. రెండు గంటల ఇరవై నిమిషాలు ఉంది.

ఆ రెండు గంటలు ఎక్కడి నుంచి వచ్చాయో లెక్క వేసుకుంటే ఒక సంఘటన గుర్తుకు వచ్చింది. ఒక మధ్యాహ్నం భోజనం వేళ నా గదిలో ఆడుతున్నాను. జూనియర్ సిస్టర్ ఒకామె గుమ్మంలో నిలబడింది. ఒక్క నిమిషం అని చెయ్యి చూపాను. మెట్టు దాటాక తల ఎత్తితే ఆమె లేదు. సాయంత్రం తెలిసింది, వాళ్లమ్మను ఊళ్లో ఆసుపత్రిలో చేర్చారని ఫోను వచ్చిందట, సెలవు అడగటానికి వచ్చిందట. అడగకుండానే వెళ్లి సాయంత్రం దాకా డ్యూటీ చేసింది. వాళ్లమ్మ బాగానే కోలుకుంది. నేను మాత్రం ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పటానికి రెండేళ్లు పట్టింది, ఎందుకంటే అది నా తప్పని నాకు రైలులో గానీ తెలియలేదు.

అంతమాత్రాన ఆటలన్నీ విషమని చెప్పటానికి నేను ఒప్పుకోను. క్యాజువాల్టీలో పనిచేసిన వాళ్లకు తెలుసు, రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలిన మనిషికి గాయం మానినా ఆ దృశ్యం కళ్ల ముందు తిరుగుతూనే ఉంటుంది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో 71 మందితో చేసిన పరిశోధన 2017లో అచ్చయింది. ప్రమాదం జరిగిన ఆరు గంటల లోపల, ఆ సంఘటనను ఒకసారి గుర్తు చేసుకోమని, తర్వాత దాదాపు ఇరవై నిమిషాలు టెట్రిస్ ఆడించారు. ఆడినవారికి ఆ వారంలో ఆ దృశ్యాలు తక్కువసార్లు వచ్చాయి. కన్ను, మనసు ఇటుకలు పేర్చే పనిలో ఉంటే ఆ బొమ్మ గట్టిగా నాటుకోదని వారి ఊహ. నేను ఎగ్జిబిషన్‌లో కొన్న డబ్బాకు ఇంత విలువ ఉందని తెలిసి సంతోషించాను.

అలాగే 2007లో అమెరికాలో 33 మంది సర్జన్లను పరీక్షించారు. ఒకప్పుడు వారానికి మూడు గంటలకు పైగా వీడియో గేమ్స్ ఆడినవారు, చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్ల అభ్యాసంలో, అసలు ఆడనివారి కంటే 37 శాతం తక్కువ తప్పులు చేశారు. ఇది చదివి పిల్లలు మీ ముందుకు వస్తే ఒక మాట చెప్పండి. ఆడటం వల్ల చేతివాటం వచ్చిందా, చేతివాటం ఉన్నవారే ఆటలకు వెళ్లారా అన్నది ఆ లెక్క తేల్చదు. పైగా వాళ్లు వైద్య విద్య కూడా చదివారు.

నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసినది 2016లో వచ్చిన ఫలితం. చెయ్యి ఊపుతూ ఆడే నింటెండో వీ అనే యంత్రం 2006లో వచ్చినప్పుడు, పక్షవాతం వచ్చిన చేతికి ఇది గొప్ప వ్యాయామమని చాలా ఆశపడ్డారు. నాలుగు దేశాల్లో 141 మంది రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆ యంత్రం ఇచ్చారు, రెండో జట్టుకు పేకముక్కలు, డామినోలు, బంతి లాంటివి ఇచ్చారు. రెండు వారాల తర్వాత రెండు జట్ల చేతులూ మెరుగుపడ్డాయి, తేడా ఏమీ కనబడలేదు. కనుక పక్షవాతం వచ్చిన పెద్దవారు ఇంట్లో ఉంటే ఖరీదైన యంత్రం కోసం బాధపడవద్దు. పేకముక్కలు పంచమని, చిక్కుడుకాయలు ఒలవమని వారి చేతికి ఇవ్వండి, పక్కన మీరూ కూర్చోండి. ఫిజియోథెరపీ మాత్రం మానవద్దు.

ఎప్పుడు భయపడాలి అని చాలామంది అడుగుతారు. గేమ్ వ్యసనాన్ని రోగంగా గుర్తించిన కొత్త జాబితా 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. ఆట మీద అదుపు తప్పటం, తిండి నిద్ర చదువు అన్నిటికంటే ఆటే ముందు కావటం, నష్టం కళ్లకు కనబడుతున్నా మానలేకపోవటం అందులో చెప్పిన గుర్తులు. మామూలుగా ఇవి ఏడాది పాటు ఉంటేనే ఆ పేరు పెడతారు. సెలవుల్లో మీ అబ్బాయి మూడు రోజులు వరుసగా ఆడితే అది రోగం కాదు, సెలవులు. కానీ బాగా చదివేవాడు బడి మానేస్తుంటే, స్నేహితులు రావటం మానేస్తే, ఫోను తీసుకుంటే వస్తువులు విసురుతుంటే ఏడాది ఆగవద్దు. కొట్టవద్దు కూడా. 14416 అనే టెలీ మానస్ నంబరుకు ఫోన్ చేయండి, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. మా తమ్ముణ్ణి బెంగుళూరులోనే నిమ్హాన్స్‌కు తీసుకువెళ్లాం. ఫోను, ఇంటర్నెట్ వాడకం అదుపు తప్పిన వారి కోసం అక్కడ 2014లోనే ప్రత్యేక క్లినిక్ మొదలుపెట్టారు. అప్పు ఇంకా తీరుతోంది. ఫీజు నేను కట్టాను, పిల్ల చదువు ఆగలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఆ వార్త చూసి తమ్ముడు, "మూడేళ్లు ముందు చేస్తే బాగుండేది" అన్నాడు. నేను ఏమీ అనలేదు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్న. టీవీ పెట్టె నయమని నేను అనటానికి ముఖ్య కారణం, అది హాల్లో ఉంటుంది. దుప్పటి కిందికి రాదు, బడికి రాదు. పిల్లవాడు ఏమి ఆడుతున్నాడో మీకు వంటింట్లోకి వినబడుతుంది. నాన్నకు క్రికెట్ చూడాలంటే వాడు దిగిపోవాలి. అన్నాచెల్లెళ్లు పక్కపక్కన కూర్చుని ఆడుకోవచ్చు. డిస్కు కొంటే చాలా ఆటల్లో కథ ఒక చోట ముగుస్తుంది. అయితే ఆ పెట్టెల్లో కూడా ఇప్పుడు ఇంటర్నెట్ కలిపి ఆగకుండా డబ్బులడిగే ఆటలున్నాయి, అందుచేత మీ కార్డు నంబరు అందులో ఉంచకండి. డిస్కు కవరు మీద వయసు అంకె చూడండి. యూరప్ పద్ధతిలో ముద్రించిన వాటి మీద 3, 7, 12, 16, 18 అని ఉంటుంది. 18 ఉన్నది పదకొండేళ్ల వాడికి కొనిచ్చి, వీడికి కోపం ఎక్కువైంది సిస్టర్ అని నా దగ్గరకు రావద్దు.

అయిదేళ్ల లోపు పిల్లల సంగతి వేరు. ఏడాది నిండని బిడ్డకు స్క్రీన్ అసలు వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ముద్దకో పాట పెట్టి తినిపించే అమ్మమ్మలు దయచేసి గమనించాలి.

పెద్దల సంగతి కూడా ఒకటి. 1990లో అమెరికా వైద్య పత్రికలో బొటనవేలి నొప్పితో వచ్చిన 35 ఏళ్ల స్త్రీ గురించి ఒక డాక్టరు రాశాడు. కొడుకు వీడియో గేమ్ మీద ఆమె అయిదు గంటలు ఏకబిగిన ఆడిందట! మా ఇంట్లో ఇప్పుడు రాత్రి తొమ్మిదయ్యేసరికి ఫోన్లన్నీ వంటింటి గట్టు మీద ఛార్జింగ్‌కు వెళ్తాయి, నాది కూడా. పొద్దున లేవటానికి అలారం గడియారం కొన్నాను. ఆ రంగుల ఆట తీసేశాను, టెట్రిస్ ఉంచాను.

ఆ తల్లి పోయిన వారం మళ్లీ కనిపించింది. పెట్టె కొనలేదట, ధర యాభై వేలకు పైనే చెప్పారని వెనక్కి వచ్చి, క్యారమ్స్ బోర్డు కొన్నారట. ఆమె ఎంతో సంతోషంగా చెప్పింది. వాడు మాత్రం నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు.