బాగుచేసిన ఇల్లు, బాగుపడని ఊరు

"ఫ్రెంచి పల్లెలో బాగుచేసిన పాత రాతి ఇల్లు, అమ్మకానికి." ఈమధ్య మిత్రులు నాకు పంపిస్తున్న వీడియోలన్నీ ఇలాంటివే. పక్కనే ఒక ఎర్ర గుండె బొమ్మ, "ఇక్కడ కూచుని నవల రాసుకోవాలి" అని ఒక మాట. టూలూజ్‌లో ఉద్యోగం కాబట్టి, అలాంటి ఇల్లు నాకు అందుబాటులో ఉందని వాళ్ల అసూయ. వాళ్లని ఎగతాళి చేసే అర్హత నాకు లేదు. నేనూ సంతకం దాకా వెళ్లినవాణ్ణే.

ఆ ఇల్లు టూలూజ్‌కి ఉత్తరాన, లోట్ జిల్లాలో ఉంది. అక్కడి పాత రైతు ఇళ్లకు ఒక పద్ధతుంది. కింద పశువులూ వైన్ పీపాలూ, పైన మనుషులు. బయట మెట్లెక్కితే కప్పున్న చిన్న వసారా. దాన్ని 'బొలే' అంటారు. ఏజెంటు ముందుగా కింది గది చూపించాడు. ఇప్పుడది వంటగది. పశువులు మేత మేసిన రాతి గాడిని అలాగే ఉంచి, అందులో వైన్ సీసాలు పేర్చారు. "ఇంటి ఆత్మ పోకుండా చేశారు చూడండి" అన్నాడు. నేనూ తలూపాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నా గొడవంతా ఆ "బాగుచేసిన" అనే మాటతోనే. అసలు ఎందుకు పాడైంది? కప్పు కారింది, దూలం పుచ్చింది, ఎందుకంటే పొయ్యి వెలిగించే మనిషి వెళ్లిపోయాడు. ఆ మనిషి ఎందుకు వెళ్లాడో ప్రకటనలో ఉండదు. 1870ల తర్వాత ఫిలాక్సెరా అనే పురుగు అక్కడి ద్రాక్షతోటల్ని తినేసింది. మొదటి ప్రపంచయుద్ధం 13 లక్షలకు పైగా ఫ్రెంచి సైనికుల్ని మింగింది. ఆ ఊరి స్మారకం మీద ఒకే ఇంటిపేరు మూడుసార్లు చదివాను. తర్వాత ట్రాక్టర్లొచ్చాయి, నగరాల్లో ఫ్యాక్టరీలు రమ్మన్నాయి. 1851లో మూడు లక్షలకు దగ్గరగా ఉన్న లోట్ జనాభా 1960ల నాటికి సగమైపోయింది.

మనం వలస కథలు చదివి పెరిగిన పాఠకులం. పాలమూరులో ఇంటికి తాళం పడితే మనకు దుఃఖం. లోట్‌లో పడితే మాత్రం ఇంటీరియర్ డిజైనా?

ఈ మోజుకి ఒక సాహిత్యం కూడా ఉంది. పీటర్ మేల్ 1989లో 'ఎ ఇయర్ ఇన్ ప్రొవాన్స్' అచ్చేశాడు. మెనెర్బ్ దగ్గర పాత ఇల్లు కొన్న కథ, జనవరి నుంచి డిసెంబరు దాకా నెలకో అధ్యాయం. చదివించే పుస్తకమే, కాదనను. కానీ అందులో తాపీమేస్త్రీలూ ప్లంబరూ వస్తారు, నవ్విస్తారు, వెళ్తారు. హీరో మాత్రం ఇల్లు కొన్నవాడే. అయినా మేల్ చలికాలం కూడా అక్కడే బతికాడు. అతన్ని చదివి కలలు కనే మనం ఆగస్టు అధ్యాయం ఒక్కటే కొనుక్కుందామనుకుంటాం.

"అయితే ఆ ఇళ్లని కూలిపోనివ్వమంటావా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బయటివాళ్ల డబ్బు రాకపోతే చాలా కప్పులు ఎప్పుడో కూలేవి. మేస్త్రీలకు పని దొరికింది, వారసుల చేతికి నాలుగు డబ్బులొచ్చాయి. ఒప్పుకుంటాను. కానీ కప్పు నిలబడినంత మాత్రాన ఊరు నిలబడదు. బడిలో తరగతి ఉంచాలా తీసేయాలా అన్నది పిల్లల లెక్కను బట్టి తేలుతుంది. రొట్టెల కొట్టుకి జనవరిలో కూడా బేరం ఉండాలి. ఫ్రాన్సులో ప్రతి పది ఇళ్లలో దాదాపు ఒకటి 'రెండో ఇల్లు'; లోట్‌లో ఆ వాటా ఇంకా చాలా ఎక్కువ.

ప్రభుత్వానికీ ఈ సంగతి తెలుసు. కాపురముండే ఇంటి మీద నివాసపన్నుని 2023 నుంచి పూర్తిగా ఎత్తేసి, రెండో ఇంటి మీద అలాగే ఉంచారు. ఇళ్లకు గిరాకీ ఎక్కువున్న ఊళ్లు దానిపైన 5 నుంచి 60 శాతం అదనంగా వేసుకోవచ్చు. 2024 నవంబరులో వచ్చిన చట్టం ప్రకారం కొన్ని ఊళ్లు, కొత్తగా కట్టే ఇళ్లలో కాపురమే ఉండాలని షరతు పెట్టొచ్చు. కొత్తవాటికే సుమా. బాగుచేసిన పాత ఇంటి జోలికి ఆ షరతు రాదు.

అక్కడ ప్రాథమిక ఒప్పందం చేతికందాక కొనేవాడికి పది రోజుల గడువుంటుంది. కారణం చెప్పకుండానే వెనక్కి తగ్గొచ్చు. సంతకం పెట్టొచ్చాక ఆ పది రోజుల్లో నేను రాత్రులు లెక్కపెట్టాను. సెలవులన్నీ కలిపినా ఏడాదికి నలభై దాటలేదు. మిగతా 325 రాత్రులు ఆ కిటికీ తలుపులు మూసే ఉంటాయి. తొమ్మిదో రోజున రిజిస్టర్డ్ ఉత్తరం పంపి, వద్దనేశాను.

ఇదేమీ త్యాగం కాదు. ఆ ఇంటిని ఈపాటికి ఇంకెవరో కొనే ఉంటారు, బహుశా వాళ్లూ నలభై రాత్రులవాళ్లే. అందుకే కొనొద్దని చెప్పడం లేదు. కొనండి, కొని పొయ్యి వెలిగించండి. పిల్లల్ని ఆ ఊరి బడికే పంపండి. ఊరి కౌన్సిల్ మీటింగు జరిగితే వెళ్లి వెనక కూచోండి. ఫిబ్రవరిలో పైపులో నీళ్లు గడ్డకడితే పక్కింటి తలుపు కొట్టండి, వాళ్లు మీ తలుపు కొట్టినప్పుడు ఇంట్లో ఉండండి. అంత కుదరదనుకుంటే ఆ ఊళ్లో ఎవరైనా గది అద్దెకిస్తే తీసుకోండి. నవల ఆ గదిలోనైనా రాయొచ్చు, అద్దె డబ్బులూ ఊళ్లోనే ఉంటాయి.