పక్కన ఇల్లు లేస్తాంటే

పోయిన నెల పీఎఫ్ కాగితాల గురించి రాసినా. ఈసారి మా గోడ పక్క గొడవ రాస్తాను.

2025 ఆగస్టులో బొమ్మసంద్ర దాకా ఎల్లో లైన్ మెట్రో వచ్చినాక మా హెబ్బగోడిలో బాడుగ ఇండ్లు అడిగేవాళ్లు ఎక్కువయినారు. రేకుల ఇండ్లు పడగొట్టి మూడంతస్తులు లేపుతున్నారు. మా పక్క సైటులో కూడా అదే పని.

మా కోడలికి నైట్ షిఫ్టు. పొద్దున ఏడున్నరకు ఇల్లు చేరి, ఇంత తిని ఎనిమిదికి పడుకుంటుంది. సరిగ్గా అప్పుడే పక్కన కమ్మీలు కోసే మిషను ఎత్తుకుంటారు. "మామా, నిద్ర పడటం లేదు" అని వారం రోజులు చెప్తానే ఉంది. నేను పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే నాకు ఆ శబ్దం అంతగా వినపడలేదు. ముప్పై ఏండ్లు మగ్గాల షెడ్డులో చేసినోడిని, చెవులు సగం అక్కడే వదిలేసి వచ్చినా. ఒక రాత్రి ఆ పిల్ల మిషను ముందర నిలబడే కునికింది, వేళ్లు పోవాల్సింది, పక్కనామె లాగింది. అది విన్నాక నాకు భయం పట్టుకుంది.

పొయ్యి మేస్త్రి మీద అరిచినా. ఏమయింది? మర్నాడు ఆరు గంటలకే మిషను మొదలుపెట్టినారు. చట్టప్రకారం వాళ్లది తప్పు కూడా కాదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. ఆ వేళలో ఇండ్ల మధ్య శబ్దం చేసే కట్టడం మిషన్లు నడపకూడదని 2010లో చేర్చినారు. రాత్రి నడిపితే 112కు ఫోను చెయ్యొచ్చు. పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 దాటకూడదని లెక్క ఉంది. కానీ కోత మిషను పక్కన 55 అనేది ఎక్కడ నిలుస్తుంది? పగలు పడుకునేవాళ్లకు ఏ గంటలు రాత్రో ఆ కాగితంలో రాయలేదు. షిఫ్టులు చేసేవాళ్లు ఇన్ని లక్షల మంది ఉన్నా రాయలేదు.

రెండోసారి సాయంత్రం పని దిగినాక, నేనూ మా ఇంటామె కలిసి ఓనరు దగ్గరికి పోయినాము. "తమ్ముడూ, పని ఆపమనడం లేదు, వరస మార్చు" అన్నాను. మేస్త్రిని పిలిపించినాడు. ఆయన రాయచూరు వైపాయన, తెలుగు బాగా వచ్చు. "పెద్దయ్యా, మొన్ననే ఇట్లా చెప్పింటే అయిపోయేది గదా" అన్నాడు. సిగ్గయింది. ఇటుకల పని, పూత పని పొద్దున. కమ్మీల కోత, టైల్సు కోత రెండు గంటల తర్వాత, అదీ మా గోడకు దూరంగా రోడ్డు వైపు పెట్టుకుని. ఇదీ ఒప్పందం. స్లాబు రోజు మాత్రం కుదరదన్నాడు. అది నిజమే. కాంక్రీటు మధ్యలో ఆపితే అతుకు పడి, రేపు ఆడనే నీళ్లు కారతాయి. రెండు రోజుల ముందే చెప్పమన్నాము. ఆ రోజు కోడలు వాళ్లక్క ఇంట్లో పడుకునింది.

ఇంట్లో చేసుకునేది కూడా ఉంది. మిల్లులో మగ్గాల షెడ్డు తలుపు నాలుగు వేళ్లు తెరుచుకుంటే చాలు, పక్క ఖాతాలో మాట వినపడేది కాదు, గుర్తుందా? శబ్దం సందులోంచే వస్తుంది. తలుపు కింద పాత చీర చుట్టి పెట్టినాము. కిటికీకి ప్లైవుడ్ ముక్క బిగించి సందుల్లో గుడ్డలు కూరినాము. పలచని కర్టెనుతో ఏమీ కాదు. చెవిలో పత్తి ఉండ కూడా శబ్దానికి పెద్దగా పనికిరాదు, మెడికల్ షాపులో దొరికే నురుగు ముక్కలు మేలు. పక్కింటోళ్ల దగ్గర ఆకుపచ్చ వల కట్టించినాము. అది శబ్దాన్ని ఆపదు గాని దుమ్మును కొంత పడుతుంది, చూపును కూడా.

చూపు సంగతే నాకు పెద్దది. మా స్నానాల గది వెనక, పైన సగం ఖాళీ. మొదటి స్లాబు మీద మనిషి నిలబడితే అంతా కనపడుతుంది. ఆడోళ్లు వారం రోజులు తెల్లారకముందే చీకట్లో స్నానం చేసినారు, నాకు చెప్పుకోలేదు. పైన రేకు వేయించినాను, మరుసటి ఆదివారమే.

ఇది కొత్త తగాదా కాదు. పక్కింటోడు కొత్తగా కట్టిన వసారా నుంచి ఆడవాళ్లుండే చోటు కనపడుతుందని అలహాబాదు హైకోర్టు దాకా పోతే, 1888లో ఆ ఊరి ఆచారం చూసి మరుగు కావాలన్నవాళ్ల పక్షమే తీర్పు చెప్పినారు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలో, 20 ఏండ్లు అడ్డం లేకుండా అనుభవించిన కిటికీ గాలి వెలుతురుకు హక్కు ఉంది. మరుగుకు మాత్రం అట్లాంటి ఆచారం ఉందని రుజువు చెయ్యాల. మనం కోర్టుకు పొయ్యి అదంతా తేల్చేలోపల ఆ ఇంట్లో బాడుగోళ్లు మూడుసార్లు మారతారు.

అందుకే గోడ లేచేటప్పుడే అడగాల. కిటికీ మామూలుగా నేల నుంచి మూడు అడుగుల మీద మొదలవుతుంది. మా వైపు దాన్ని తీసేసి, ఆరు అడుగుల పైన వెంటిలేటరు పెట్టమన్నాము. వెలుతురు వస్తుంది, చూపు రాదు. లింటెల్ పడకముందు అయితే మేస్త్రికి అది కొన్ని వరసల ఇటుక. పూత అయినాక అడిగితే పగలగొట్టాల, ఎవరు పగలగొడతారు? కింది అంతస్తుకు ఓనరు ఒప్పుకున్నాడు, పెట్టినాడు. మెట్ల కిటికీకి అవతల కనపడని గరుకు గాజు వేస్తానన్నాడు.

పై అంతస్తు గది కిటికీ ఇంకా తేలలేదు. అది పెద్దగా ఉంటేనే బాడుగ వస్తుందంటాడు. వచ్చే వారం ఆ గోడ ఎత్తుతారంట. ఆదివారం మళ్లా పోతాము, ఈసారి మా ఇంటామెనే ముందు మాట్లాడమన్నాను.