ఉప్పునీటి తొట్టియు ఓర్పును



సముద్రమునందలి యొక చిన్న భాగమును గాజుతొట్టిలో నిలిపి, అందు పగడములను, వన్నెవన్నెల చేపలను పెంచు వేడుక నేడు పెక్కు దేశముల యిండ్లలో వ్యాపించియున్నది. తొట్టియు, దీపములును, నీటిని త్రిప్పు యంత్రములును అంగడిలో దొరకును. వానిని నడపుటకు వలయు పరిపాకము మాత్రము దొరకదు. అది కాలముచేతను, కనిపెట్టి చూచుటచేతను రావలసినదే. ఈ మాసమున దానినిగూర్చి వ్రాయుచున్నాను.

ముందుగా పరిపక్వము కావలసినది నీరు. చేపల మలమువలనను, మిగిలిన మేతవలనను నీటియందు అమ్మోనియా యను విషము పుట్టును. కంటికి గనబడని సూక్ష్మజీవులు కొన్ని దానిని నైట్రైటుగాను, మఱికొన్ని యా నైట్రైటును నైట్రేటుగాను మార్చును. మొదటి రెండును చేపలకు మిక్కిలి హానికరములు. మూడవది కొలదిగా నున్నచో నంతగా బాధింపదు. ఈ సూక్ష్మజీవులు రాళ్లమీదను, ఇసుకయందును నెలకొనుటకు సాధారణముగా 4 మొదలు 6 వారములు పట్టును. పాత తొట్టినుండి తెచ్చిన రాయి పాలకు తోడువలె నుపకరించును. కాని తోడు వేసినంతనే పెరుగు కాదుగదా! ఈ వారములలో తొందరపడి చేపలను విడుచువారు వానిని చేజేతుల చంపుకొందురు. పగడములకైతే మఱికొన్ని నెలలు వేచియుండుట మేలు.

రెండవది ఉప్పు. సముద్రజలమున వేయిపాళ్లకు సుమారు 35 పాళ్లు ఉప్పుండును. నీరావిరియై పోవునుగాని యుప్పు పోదు. పులుసు మరగి యింకినకొలది ఉప్పన యగుట నెఱిగిన గృహిణికి దీనిని వేఱుగా బోధింప నక్కఱలేదు. కావున ప్రతిదినమును తగ్గిన మేరకు శుద్ధమైన మంచినీరే పోయవలెను.

ఇక పెంచువారి సంగతి. మొదటి దశలో కోరిక ముందు నడచును. కంటబడిన ప్రతి చేపయు కావలెను. రెండవ దశలో భయము పాలించును. దినమునకు రెండుమారులు కొలతలు చూచి, ఒకటి తగ్గెనని యొక ద్రావకమును, ఒకటి హెచ్చెనని మఱియొకదానిని పోయుచుందురు. ఒక్కదినమున నాలుగు మార్పులు చేసినచో మేలుగాని కీడుగాని దేనివలన కలిగెనో యెట్లు తెలియును? మూడవ దశ వచ్చినవారు ఒక్క మార్పు చేసి, దానిని వ్రాసికొని, ఫలము తేలువఱకు వేచియుందురు. కొలతలు గ్రంథములలోని యంకెలకు సరిగా నుండుటకంటె నిలుకడగా నుండుట ముఖ్యమని వారెఱుగుదురు.

వారి కన్నుకూడ మాఱును. అనేక పగడముల దేహమునందు అతిసూక్ష్మములగు నాచుజీవులు వసించి, వెలుతురుతో నాహారము కల్పించి, అందు భాగమును పగడమునకిచ్చును. నీటి వేడిమి మితిమీఱినచో నా పొత్తు చెడును; పగడము తెల్లబాఱును. పూర్తిగా తెల్లబాఱినపిదప చూచువాడు క్రొత్తవాడు. వన్నె కొంచెము తగ్గినపుడే గుర్తించువాడు అనుభవశాలి.

ఈ విద్యుద్యంత్రములు లేని దినములలో నిట్టి యోర్పు చూపిన వనిత యొకతె కలదు. ఇంగ్లాండున ఒక క్రైస్తవ గురువు భార్యయగు ఆనా థిన్ 1846లో టార్కీ తీరమునుండి పగడజీవులను లండనునకు కొనిపోయెను. అవి దారిలో కదలి చెడకుండ సూదిదారములతో స్పాంజికి కుట్టి, నీటిజాడిలో నుంచెను. లండనున సముద్రజలము సులభముగా లభింపదు. అందువలన నున్న నీటినే తెఱచిన కిటికీయెదుట ఒక పాత్రనుండి మఱియొక పాత్రకు అరగంట మొదలు ముప్పావుగంటవఱకు పరిచారికచే పోయించి, గాలి సోకునట్లు చేయుచుండెను. మఱుసటి సంవత్సరమున సజీవమైన సముద్రపునాచు గల రాళ్లను తెప్పించి యా నీట నుంచెను. తాను కనిపెట్టిన విషయములను 1859లో ప్రకటించెను. ఆమెకు సాధనములు స్వల్పములు, శ్రద్ధ యనల్పము.

మన దేశమున నింకొక విషయము తలపవలెను. రాతిపగడములన్నియు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టముక్రిందికి తేబడినవి. వానిని సముద్రమునుండి తీయుటయు, విక్రయించుటయు నేరము. కావున మన యిండ్లలో నీ వేడుకకు పూనుకొనువారు, పెంపకముననే పుట్టిన క్లౌన్‌ఫిష్ వంటి చేపలతో తృప్తినొందవలెను. ఈ చేప యెచటినుండి వచ్చెనని యంగడివానిని అడుగుటకు మొగమాటపడరాదు. మనకిది వేడుకయైనను దానికది ప్రాణము.

ఆసక్తిగల సోదరీమణులు తొట్టిని కొనుటకు ముందొక చిన్న పుస్తకమును కొందురుగాక. నీటిలోని వేడిమి, ఉప్పు, పోసిన నీరు, చేసిన మార్పు దినదినమును అందు వ్రాయుడు. ఒక సంవత్సరము గడచినపిదప నా పుస్తకముకంటె మంచి గురువు మఱియొకడు దొరకడు.