లెక్క సరిగా ఉన్నా రక్తం ఆగకపోతే



నిజాంపట్నం రేవులో పనిచేసే సోదరులకు చేపముల్లు గుచ్చుకోవడం కొత్త కాదు. వేలు గట్టిగా నొక్కిపట్టుకొంటే కాసేపటికి రక్తం ఆగుతుంది, మరల పనిలో పడతారు. ఆ రక్తం ఎలా ఆగింది?

రక్తంలో ప్లేట్‌లెట్లు అనే అతి చిన్న కణాలున్నాయి. ఒక్క మైక్రోలీటరులో లక్షన్నర నుండి నాలుగు లక్షల వరకు ఉంటాయి. రక్తనాళం తెగినచోట ఇవి అతుక్కుంటాయి. అతుక్కుంటే చాలదు, ఒకదానినొకటి పట్టుకోవాలి. అందుకు ప్రతి ప్లేట్‌లెట్ మీద గ్లైకోప్రొటీన్ టూబీ-త్రీఏ అనే మాంసకృత్తి ఉంది. ఒక్కొక్క కణం మీద ఇవి సుమారు 80 వేలు! గాయం కాగానే ఇవి రక్తంలోని ఫైబ్రినోజెన్ అనే దారాన్ని పట్టుకొంటాయి. ఒకే దారాన్ని రెండు కణాలు చెరోవైపు పట్టుకోగా, వలకు ముడి పడినట్లు గడ్డ బిగుస్తుంది.

కొందరికి పుట్టుకతోనే ఈ మాంసకృత్తి ఉండదు, లేక పనిచేయదు. 1918లో స్విట్జర్లాండు వైద్యుడు గ్లాంజ్‌మన్ ఈ వ్యాధిని వర్ణించాడు. ప్లేట్‌లెట్ల లెక్క చూస్తే సరిగానే ఉంటుంది. నూలు ఉంది, ముడి పడదు. అందుకే చాలామంది "రిపోర్టు బాగానే ఉంది" అనుకొని ఊరుకొంటారు.

చిన్నప్పటినుండి తరచు ముక్కు వెంట, చిగుళ్ళ వెంట రక్తం కారడం, చిన్న దెబ్బకే ఒళ్ళు కమలడం, ఆడపిల్లలకు బహిష్టులో విపరీతంగా రక్తం పోవడం దీని గుర్తులు. ఇవి ఉంటే లెక్కతో ఆగక, ప్లేట్‌లెట్లు పనిచేసే తీరు పరీక్షించమని డాక్టరుగారిని అడగండి.

ఈ జబ్బు అరుదు. అయితే తల్లి, తండ్రి ఇద్దరిలోను లోపమున్న జన్యువు ఉంటే, ప్రతి కాన్పులోను బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలలో, మేనమామ పెండ్లిళ్ళలో ఒకే లోపం ఇరువైపులా ఉండే అవకాశం ఎక్కువ. డాక్టర్ ఐడా స్కడర్ 1900లో ప్రారంభించిన సేవ నుండి ఎదిగిన వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి వైద్యులు 2006లో దక్షిణ భారతంలోని 15 మంది రోగులపై పరిశోధన ప్రచురించారు. వారిలో అంతకుముందు ఎవరూ గుర్తించని 10 జన్యులోపాలు కనబడ్డాయి.

ఇటువంటి బిడ్డకు ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటి మాత్రలు ఇవ్వకండి. కండరానికి ఇంజెక్షన్ వేయించకండి. పన్ను తీయించే ముందు జబ్బు సంగతి చెప్పండి. ముక్కు వెంట రక్తం వస్తే కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కిపట్టండి. ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. రక్తం ఆపే మందులున్నాయి, అవసరమైతే ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు.

తల్లులారా, సువార్తలోని రక్తస్రావముగల స్త్రీ పన్నెండేండ్లు బాధపడి, భయపడుచునే ప్రభువునొద్దకు వచ్చింది. ఆయన ఆమెను సిగ్గుపరచలేదు, కుమారీ అని పిలిచాడు. మీ బిడ్డ సిగ్గుతో దాచుకొన్న బాధను మీరును అంత ప్రేమగా వినండి.