కమాన్లు పెంచినా అనుమతించిన బరువు పెరగదు

న్యూఢిల్లీ: సరకు రవాణా చేసే పికప్ వాహనాలకు వెనుక కమాన్ కట్టల్లో అదనపు పట్టీలు వేయించడం యజమానులకు పరిపాటి అయింది. కూరగాయలైనా, సిమెంటైనా ఒకే ట్రిప్పులో ఎక్కువ చేరవేస్తే కిరాయి గిట్టుబాటవుతుందన్నది వారి లెక్క. అయితే అది సగం లెక్క మాత్రమే.

అదనపు పట్టీ వల్ల వాహనం వెనుక భాగం కుంగడం తగ్గుతుంది. కాని బరువు మోసేది కమాను ఒక్కటే కాదు. ఇరుసు, బేరింగులు, టైర్లు, చాసిస్ పాత సామర్థ్యంతోనే ఉంటాయి. అన్నిటికంటె ముఖ్యంగా బ్రేకులు మారవు. వాహనం కుంగకపోవడంతో అధిక భారం డ్రైవరు కంటికి ఆనదు. అసలు ప్రమాదం అదే. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు బిరుసెక్కిన కమాన్లపై వెనుక చక్రాలు ఎగిరిపడి తడి రోడ్డుపై పట్టు తప్పుతాయి.

చట్టరీత్యా రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన మొత్తం బరువే పరిమితి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని సుప్రీం కోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన సవరణతో అధిక భారానికి కనీస జరిమానా 2,000 నుంచి 20,000 రూపాయలకు, అదనపు టన్నుకు విధించే మొత్తం 1,000 నుంచి 2,000 రూపాయలకు పెరిగాయి. ఒక్కసారి పట్టుబడితే ఎన్నో ట్రిప్పుల లాభం హరించుకుపోతుంది.

నిత్యం ఎక్కువ బరువు వేయవలసిన వారు కొనేటప్పుడే అధిక సామర్థ్యం గల వాహనాన్ని ఎంచుకోవడం మేలు. పరిమితికి లోబడి గతుకుల దారుల్లో తిరిగేవారికి తయారీదారే అందించే దృఢమైన కమాన్లు ఉపకరిస్తాయి. సగం బరువుతో తిరిగే బండికి అవీ అనవసరమే.